సరంగు ఎర్రయ్య తెచ్చిన నాణెం

నేను ఒక కంచు నాణేన్ని. బొటనవేలి గోరంత ఉంటాను. ఒక పక్క గడ్డం దేవుడి తల, రెండో పక్క ఓడ ముక్కు, దాని కింద నాలుగు అక్షరాలు. ఆ ఓడ ముక్కు కూడా మీకు సగమే కనిపిస్తుంది. నన్ను ముద్ర కొట్టినవాడు ఆ క్షణాన పక్కవాడితో తన అత్తగారి గురించి ఏదో చెప్పుకుంటున్నాడు. సుత్తి దెబ్బ కాస్త పక్కకి పడింది. ఇప్పటి పండితులు ఆ వంకర చూసి, ఆనాటి రాజకీయ అస్థిరతకు అది గుర్తు అంటారు. సరిదిద్దడం నా వల్ల కాదు కనుక ఊరుకుంటాను.

నేను పుట్టింది అర్వాద్ అనే దీవిలో. మధ్యధరా సముద్రం తూర్పు ఒడ్డుకి దగ్గరగా, ఒక పూటలో చుట్టి రాగలిగినంత దీవి. అక్కడివాళ్ళు ఫినీషియన్లు, ఓడల మీద బతికినవాళ్ళు. మాలో వెండి నాణేలు రాజుల దగ్గరికీ, పెద్ద వర్తకుల దగ్గరికీ పోయేవి. కంచువాళ్ళం మేము కూరల బజారు మనుషులం. నేను ఉల్లిపాయలు కొన్నాను, ఎండుచేపలు కొన్నాను, ఒకసారి ఒకాయనకి గడ్డం గీయించాను. చివరికి ఒక ఇల్లాలి చేతిలోంచి జారి నేలరాళ్ళ సందులో పడ్డాను. ఆవిడ మూడు రోజులు వెతికి, మొగుడే కాజేశాడని తేల్చింది. ఆ నింద పాపం ఇప్పటికీ అతని మీదే ఉంది.

తర్వాత రెండు వేల ఏళ్ళ పైచిలుకు మట్టిలో పడుకున్నాను. ఒళ్ళు వంచి పనిచేసిన రోజుల్లో నన్ను ఎవరూ రెండోసారి తిప్పి చూడలేదు. కదలకుండా పడుకుని లేచాక మాత్రం భూతద్దాలు పెట్టుకుని చూడటం మొదలుపెట్టారు. మనుషుల సంగతి మనుషులకే తెలియాలి.

నీళ్ళ తొట్టికి గొయ్యి తవ్వుతూ ఒక తాపీమేస్త్రి నన్ను బయటికి తీశాడు. అక్కణ్ణించి దీవికెదురుగా ఉన్న టార్టూస్ రేవులో ఒక టీ కొట్టుకి చేరాను. మేకుల డబ్బాలో మేకులతో పాటు ఉండేవాణ్ణి. అక్కడే నన్ను సరంగు ఎర్రయ్య చూశాడు.

మైలపల్లి ఎర్రయ్యది విశాఖపట్నం జాలరిపేట. సరుకుల ఓడలో సరంగు, అంటే డెక్కు మీద పనిచేసే కలాసీలందరికీ మేస్త్రి. ఎత్తుగా, నల్లగా, అరచేతులు తాళ్ళ ఒరిపిడికి చెక్కల్లా అయిపోయిన మనిషి. భార్య పోయి అప్పటికి మూడేళ్ళు, పిల్లలు లేరు. టీ కొట్టువాడు మేకు కోసం డబ్బా వంచితే నేను బల్ల మీద పడ్డాను. నా మీద ఓడ ముక్కు చూసి ఎర్రయ్య నవ్వి, నన్ను వేలితో చూపించాడు. కొట్టువాడు తీసుకోమని చెయ్యి ఊపాడు. అలా, ఏ కాగితమూ లేకుండా, ఒక సరంగు చొక్కా జేబులో బయల్దేరాను. అది తప్పని అతనికి తెలియదు. తెలిసినా, మేకుల మధ్య ఉన్నదాన్ని ఎవరు అడుగుతారులే అనుకునేవాడేమో.

అతను నన్ను తెచ్చింది తన కోసం కాదు. విశాఖపట్నంలో పాత పోస్టాఫీసు దగ్గర లక్కోజు సన్యాసాచారి అని గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. కిందటిసారి ఓడ ఎక్కేముందు ఎర్రయ్య చేతిగడియారం ఆగిపోతే, ఆచారి భోజనానికి కూడా లేవకుండా కూర్చుని దాన్ని నడిపించి, "వెళ్ళిరా, ఓడ తప్పిపోతావు" అని పంపేశాడు. ఆ మంచితనానికి బదులుగా నన్ను తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాడు.

"పాత బొత్తాం లాగుంది ఆచారిబాబూ. మీద ఓడుంది. నీ అద్దంతో సూడు, నీకు సరదాగుంటాది."

ఆచారి కంటికి అద్దం పెట్టుకున్నాడు. అప్పుడే ఆయన పని అయిపోయింది.

పేరుకి సన్యాసి గానీ ఆయనకి ఇల్లుంది, నూకరత్నం అనే ఇల్లాలు ఉంది, అప్పటిదాకా నిలకడైన బుద్ధి కూడా ఉంది. నేను వచ్చిన వారానికే ఆ మూడోది సడలింది. లైబ్రరీకి వెళ్ళి పుస్తకాలు తిరగేశాడు. ఎవరో ప్రొఫెసరుగారికి ఉత్తరాలు రాసి ఫినీషియన్ల అక్షరమాల తెప్పించుకున్నాడు. నా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివిన రోజున, బాగుచేయడానికొచ్చిన గోడగడియారాలన్నీ ఒకేసారి మోగుతున్నా వినిపించుకోలేదు. వచ్చినవాళ్ళందరికీ ఫినీషియా, ఫినీషియా అని చెప్పి చెప్పి, చివరికి ఆ వీధిలో ఫినాయిలు ఆచారి అనే పేరు తెచ్చుకున్నాడు. నూకరత్నానికి మొదట్లో చిన్నతనంగా ఉండేది. తర్వాత అలవాటైపోయి, ఎవరైనా అడ్రసు అడిగితే తనే ఆ పేరు చెప్పేది.

రెండో ప్రయాణంలో ఎర్రయ్య ఇంకో ఐదు తెచ్చాడు. రెండు కంచువి, మూడు రాగివి. అన్నీ మా దేశంవాళ్ళే. చాలాకాలానికి సొంత మనుషులు కనబడితే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. ఆచారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఎర్ర లక్క కరిగించి, మా ఆరుగురినీ అందులో అటూ ఇటూ నొక్కి అచ్చులు తీశాడు. ఆ వేడి నాకింకా గుర్తే. అచ్చుల్ని ఒక పొగాకు డబ్బాలో పెట్టి ఎర్రయ్యకిచ్చాడు.

"ఇదిగో, ఇలాంటి బొమ్మలుంటేనే తీసుకో. ఎవడైనా గ్రీకువీ, రోమువీ అంటగట్టబోతే వద్దను."

"అలాగే బాబూ" అన్నాడు ఎర్రయ్య.

ఆ తర్వాత ఒక్కసారి తప్ప ప్రతి ప్రయాణానికీ రెండో మూడో వస్తూనే ఉన్నాయి. ఓడ వచ్చే రోజు తెలుసుకుని ఆచారి కొట్టు కట్టేసి హార్బరు గేటు దగ్గర నిలబడేవాడు. ఎండైతే గొడుగు, వానైనా అదే గొడుగు. ఎర్రయ్య సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చేవాడు. "ఏం తెచ్చావు?" అనేవాడు ఆచారి. ఎర్రయ్య జేబులోంచి గుడ్డమూట తీసేవాడు. తొమ్మిదేళ్ళు ఇలా గడిచేసరికి మేము ముప్ఫై నలుగురమయ్యాం. వెల్వెట్ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో, తలో గుంటలో పడుకునేవాళ్ళం.

కొత్తగా వచ్చినవాళ్ళ గురించి నాకు మొదట్నించీ ఏదో తేడాగా ఉండేది. ఒకడికి నాలాగే ఓడ ముక్కు సగమే ఉంది. సరే, కొట్టినవాడు ఆ రోజంతా అత్తగారి గురించే చెప్పుకున్నాడేమో అనుకున్నాను. ఇంకొకడు వచ్చాడు, వాడికీ సగమే. దేవుడి చెవి మీద నాకున్న గీతే వాళ్ళకీ ఉంది. ఆచారి కూడా అది చూశాడు. చూసి అనుమానపడ్డాడా అంటే, లేదు. అర్వాద్ టంకశాలలో ఒక ఎడమచేతివాటం కార్మికుడు ఉండేవాడనీ, ఈ నాణేలన్నీ ఒకే రోజు అతని చేతి మీదుగా వచ్చాయనీ ఒక సిద్ధాంతం అల్లి, ప్రొఫెసరుగారికి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. చూడాలనుకున్నదాన్ని చూడటానికి మనుషులకి భూతద్దం భలే సాయం చేస్తుంది.

ఎర్రయ్య రిటైరై జాలరిపేటలోనే ఉండిపోయిన రెండేళ్ళకి, ఊళ్ళో నాణేలు సేకరించేవాళ్ళ సంఘం ఒక ప్రదర్శన పెట్టింది. ఆచారికి ఒక అద్దాల బల్ల కేటాయించారు. ఆయన తన జీవితంలో అందుకున్న మొదటి ఆహ్వానపత్రం అదే. దాన్ని బీరువా తలుపుకి అతికించుకున్నాడు. ప్రదర్శన ఆదివారం. శుక్రవారం పొద్దున్న నాణేల పక్కన పెట్టే చీటీలు తెచ్చుకోవడానికి ప్రింటింగు ప్రెస్సుకి వెళ్ళాడు.

శుక్రవారం నూకరత్నం పూజసామాను తోముకునే రోజు. పెరట్లో చింతపండు నానబెట్టుకుని కూర్చుంది. దీపపు సెమ్మెలు తళతళలాడుతుంటే ఆవిడకి మేము గుర్తొచ్చాం. నలుగురూ వచ్చి చూసేవి, ఇలా చిలుముపట్టి ఉంటే ఇంట్లో ఆడదాన్ని ఏమనుకుంటారు అనుకుంది. పెట్టె తెచ్చి మా ముప్ఫై నలుగురినీ చింతపండులో ముంచింది. ఇంత ఉప్పు, కాస్త బూడిద కూడా వేసింది. నా ఒంటి మీది పచ్చటి పొర రెండు వేల ఏళ్ళ సంపాదన. ఆవిడ బొటనవేలి కింద పావుగంట నిలవలేదు.

ఆచారి తిరిగొచ్చేసరికి అరుగు మీద తువ్వాలు పరిచి, దాని మీద మమ్మల్ని వరసగా ఆరబెట్టింది. "చూశారా, ఎలా ఉన్నాయో" అంది సంబరంగా.

ఆయన చేతిలో చీటీల కట్ట కింద పడింది. అరుగు మీద కూలబడిపోయాడు. పాత నాణెం మీద ఆ పొర పోతే దాని ప్రాణం పోయినట్టే అని నూకరత్నానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాడు ప్రపంచానికంతా చెప్పాడు గానీ ఇంట్లో చెప్పలేదు. ఆయన మొహం చూశాక ఆవిడకి అర్థమైంది. "నా చేతులు పడిపోను, నాకు తెలీదండీ" అంటూ పక్కన కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆచారి ఆవిణ్ణి ఏమీ అనలేదు. చాలాసేపటికి తలెత్తి తువ్వాలు వైపు చూశాడు. చూస్తూ చూస్తూ ముందుకి వంగాడు. మాలో ఆరుగురం ముదురు ఎరుపులో, గుంటలు పడి, మశూచి పోసి తేరుకున్న మొహాల్లా ఉన్నాం. మిగతా ఇరవై ఎనిమిదీ పెళ్ళిలో కొత్త చెంబుల్లా పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. ఆయన అద్దం తెప్పించుకున్నాడు. ఒక్కొక్కదాన్నీ అంచు తిప్పి చూశాడు. అచ్చులో పోత పోసినప్పుడు అతుకు దగ్గర మిగిలే గీత, దాన్ని ఆకురాయితో రాసిన జాడ, కొన్నిటి సందుల్లో ఇంకా వదలని ఆకుపచ్చ రంగు. ఆయనకి ఆకురాయి జాడ తెలియకపోవడమా? ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే అది. ఇన్నేళ్ళూ వాటిని బొమ్మవైపు చూశాడు తప్ప, పనివాడిలా ఒక్కసారీ అంచువైపు చూడలేదు.

"ఇత్తడి" అన్నాడు చివరికి. "మొదటి రెండుసార్లు తెచ్చినవే అసలువి. తర్వాతవన్నీ ఇత్తడి."

మధ్యాహ్నం భోజనం చేయలేదు. మా ఆరుగురినీ చొక్కా జేబులో వేసుకుని, మిగతావాటిని చేతిసంచీలో పోసుకుని చెప్పులు తొడుక్కున్నాడు. "నేనూ వస్తాను" అంది నూకరత్నం. వద్దన్నాడు. ఆవిడ అప్పటికే తాళం వేసేసింది.

ఎర్రయ్య జాలరిపేటలో ఇంటిముందు నీడలో కాళ్ళు బారజాపుకుని వల బాగుచేస్తున్నాడు. వీళ్ళని చూసి మొహం వెలిగిపోయింది. "ఏటి సెల్లెమ్మా, ఇద్దరూ వొచ్చారు" అంటూ లేవబోయాడు. మోకాలు సహకరించలేదు. ఆచారి సంచీ అతని ముందు వలలోకి వంపాడు. ఇరవై ఎనిమిది పసుపుపచ్చటి బిళ్ళలు గలగలా రాలాయి.

ఎర్రయ్య వాటినే చూస్తూ కూర్చున్నాడు. దేనినీ చేత్తో ముట్టుకోలేదు.

"ఎక్కడివివి?" అన్నాడు ఆచారి.

"బొంబాయివి బాబూ" అన్నాడు ఎర్రయ్య వెంటనే, ఈ ప్రశ్న కోసమే ఇన్నేళ్ళూ ఎదురుచూసినట్టు. "మా ఓడ ఆగీ రేవుకాడ బొమ్మలు పోసేవోడున్నాడు. నువ్విచ్చిన లక్క అచ్చులు ఆడికిచ్చాను. పచ్చరంగు కూడా ఆడే ఏసీవోడు."

జేబులో ఉన్న నాకు అప్పుడు తెలిసింది. ఆ సగం ఓడ ముక్కులవాళ్ళంతా నా పిల్లలు. పెంచడం చేతకాని తండ్రినని ఎవరైనా అంటే నేను కాదనలేను.

"ఎందుకు చేశావు?"

"ఆ ఏడే కంపెనీవోళ్ళు మా ఓడని అటేపు పంపడం మానేసారు. తరవాతంతా సింగపూరు, రంగూను, చిట్టగాంగు. మూడోసారి ఒట్టి సేతుల్తో దిగాను, జ్ఞాపకముందా? ఫరవాలేదులే ఎర్రయ్యా అన్నావు. అనేసి, గొడుగు మడుసుకుని ఎల్లిపోనావు. టీ కూడా తాగలేదు."

ఆచారికి జ్ఞాపకం లేదు. అది ఆయన మొహంలోనే తెలుస్తోంది.

"నిజం చెప్పొచ్చుగా. నీ ఓడ అటు వెళ్ళడం లేదని ఒక్క మాట చెప్తే పోయేది. ప్రొఫెసరుగారికి ఎన్ని ఉత్తరాలు రాశానో తెలుసా? ఎల్లుండి అంతమందిలో నిలబడి ఈ ఇత్తడి చూపించి ఉపన్యాసం ఇద్దును. నన్ను ఇంత వెర్రివాణ్ణి చేస్తావా?"

"సెప్దారనే వొచ్చీవోణ్ణి బాబూ, పెతిసారీ. గేటు బయిట నువ్వు నిలబడుండీవోడివి. ఓడ దిగినోళ్ళకి పెళ్ళాలు, పిల్లలు వొచ్చీవోరు. మన కోసం ఎవులొస్తారు? నువ్వొక్కడివే. బిళ్ళలు లేవంటే ఇంక రావేమోనని..." ఎర్రయ్య ఆగి, వలలో ముడి ఒకటి పట్టుకుని లాగాడు. "తప్పేలే. పోలీసులకి సెప్తావా, సంఘంవోళ్ళకి సెప్తావా, సెప్పు. నానొచ్చి ఒప్పుకుంటాను."

"నేను బిళ్ళల కోసం వచ్చేవాణ్ణా?" అన్నాడు ఆచారి కోపంగా. "నీ కోసం రాలేదా?"

నూకరత్నం కలగజేసుకుంది.

"ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకండి. అన్నయ్య దిగగానే మీరు మొదట అడిగే మాట ఏమిటి?"

ఆచారి వలలోని బిళ్ళల వైపు చూశాడు.

"ఏం తెచ్చావు అనేవారు. నేనూ రెండుమూడుసార్లు వచ్చాను కదా గేటు దగ్గరికి. ఆరేసి నెలలు నీళ్ళ మీద ఉండి వచ్చిన మనిషిని ఎలా ఉన్నావని ఒక్కసారైనా అడిగారా? తుఫానులో చెయ్యి విరిగి కట్టుతో దిగితే, ఆ కట్టు చేతిలోంచే మూట తీసుకున్నారు మీరు."

ఆచారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన గుండె నా వెనకే కొట్టుకుంటోంది గనుక చెబుతున్నాను, చాలాసేపు సరిగ్గా నడవలేదు. తర్వాత ఆయన నేల మీద, వలకి ఇవతల కూర్చున్నాడు.

"ఏ చెయ్యి?" అన్నాడు.

"ఎడంది" అన్నాడు ఎర్రయ్య. చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. ఎముక అతుక్కున్న చోట చిన్న బొడిపె ఉంది. ఆచారి దాన్ని వేలితో తడిమి చూశాడు, గడియారంలో ఇరుసు చూసినట్టు.

ఆదివారం ప్రదర్శనకి ముగ్గురూ వెళ్ళారు. ఇంత పెద్ద అద్దాల బల్లలో ఆరుగురమే, చిలుము లేని మొహాలతో. సంఘం కార్యదర్శి వచ్చి, ముప్ఫై నాలుగన్నారు కదా అని అడిగాడు. "ఇరవై ఎనిమిది నకిలీవి. నిన్నమొన్నటిదాకా నాకు తెలియలేదు" అన్నాడు ఆచారి అందరికీ వినపడేలా. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒకాయన ఫినాయిలుతో కడిగారా అని కూడా అన్నాడు. ఆచారి తనూ నవ్వాడు గానీ మెడదాకా ఎర్రబడింది. నకిలీవి ఎవరు ఇచ్చారని కార్యదర్శి గుచ్చి గుచ్చి అడిగాడు. "చూడటం రానిది నాకు. ఇచ్చినవాళ్ళ సంగతి ఎందుకు" అన్నాడు.

జనం ఎదుటి బల్ల మీది బంగారు నాణేల దగ్గరే మూగారు. మా దగ్గర నిలబడింది, కాళ్ళు నొప్పులు పుట్టి ఒక స్కూలు టీచరమ్మ. ఈ దీవి ఎక్కడుంటుందండీ అని ఊరికే అడిగింది. ఆచారి అక్షాంశాలతో మొదలుపెట్టబోయి, ఆగి, పక్కకి తిరిగాడు.

"ఎర్రయ్య చూశాడమ్మా. అతన్నడగండి."

ఎర్రయ్య మొదట తడబడ్డాడు. తర్వాత డెక్కు మీంచి ఆ దీవి ఎలా కనబడుతుందో చెప్పాడు. నీళ్ళ మీద బోర్లించిన పళ్ళెంలా ఉంటుందన్నాడు. అక్కడివాళ్ళు పడవ కట్టే తీరూ మన తెప్ప కట్టే తీరూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ తేడానో చేతులతో చూపించాడు. టీ కొట్టువాడు మేకుల డబ్బా వంచిన సంగతి చెప్పాడు. నలుగురు చేరారు, తర్వాత పదిమంది. బంగారం దగ్గరివాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఆచారి ఒక కుర్చీ తెచ్చి ఎర్రయ్యని కూర్చోబెట్టి, తను వెనకాల నిలబడి విన్నాడు. పడవల విషయం ఏ పుస్తకంలోనూ లేదు. తొమ్మిదేళ్ళు అడక్కుండా ఊరుకున్నాడు.

ఆ ఏడు ఆఖర్న ఆచారి మా ఆరుగురినీ ఒక చిన్న మ్యూజియానికి ఇచ్చేశాడు. ఎందుకని సంఘంవాళ్ళు అడిగితే, నా దగ్గర ఉంటే నేను వాటినే చూస్తూ కూర్చుంటాను అన్నాడు. ఇత్తడి పిల్లలు మాత్రం కొట్టులోనే ఉండిపోయారు. గడియారానికి కొత్త అద్దం అతికించాక, అది ఆరేదాకా మీద బరువు పెట్టాలి. ఆ పని వాళ్ళది. తండ్రి పనిలేకుండా అద్దం వెనక కూర్చున్నాడు, పిల్లలు రెక్కలు ముక్కలు చేసుకుంటున్నారు.

మ్యూజియంవాళ్ళతో ఆచారికి ఒక్క చీటీ దగ్గర పేచీ వచ్చింది. దాత పేరు రాయడం వాళ్ళ పద్ధతి. ఆచారి తన పేరు వద్దన్నాడు. అధికారి మూడుసార్లు రూలు చూపించాడు. ఆచారి మూడుసార్లూ చదివి, బాగానే రాశారు, అయినా వద్దు అన్నాడు. నెల్లాళ్ళకి అధికారి విసుగెత్తి ఒప్పుకున్నాడు.

చీటీ పెట్టిన వారంలో ముగ్గురూ వచ్చారు. మధ్యాహ్నం, కాపలాదారు తప్ప గదిలో ఎవరూ లేరు. ఎర్రయ్య అద్దానికి దగ్గరగా వంగి, నన్నూ, నా పక్కన చీటీనీ చూశాడు. తర్వాత జేబులు తడుముకున్నాడు.

"కళ్ళద్దాలు ఇంటికాడ మర్సిపోనాను. ఏటి రాసారో సదివెట్టు సెల్లెమ్మా."

అతనికి కళ్ళద్దాలు లేవని నూకరత్నానికి తెలుసు. చదువు లేదని కూడా తెలుసు. ఆవిడ కొంగు సర్దుకుని, బడిలో పిల్లలా నిలబడి చదివింది.

"అర్వాద్ దీవి నాణేలు. సుమారు రెండు వేల నూట యాభై ఏళ్ళనాటివి. తెచ్చినవారు, విశాఖపట్నం జాలరిపేట, సరంగు మైలపల్లి ఎర్రయ్య."

ఎర్రయ్య చీటీకి ఎదురుగా అద్దం మీద వేలు ఆనించాడు.

"సరంగని ముందు రాసారా, ఎనక రాసారా?"

"ముందే రాశారన్నయ్యా."

"మరోపాలి సదువు" అన్నాడు.